పెద్దత్త చదివిన ఉత్తరాలు

మా పెద్దత్త ఉత్తరం చదివే పద్ధతి ఒకటుంది. ఎవరైనా కవరు పట్టుకుని వస్తే ముందు చెయ్యి కడుక్కుని కొంగుతో తుడుచుకునేది. వీధి అరుగు మీద కాకుండా లోపల మండువాలో, పైనుంచి వెలుతురు పడేచోట పీట వేసుకుని కూర్చునేది. తలలోంచి పిన్ను తీసి కవరు అంచున దూర్చి, లోపలి కాగితం చిరగకుండా నెమ్మదిగా కోసేది. ఆ తర్వాత మొదటి నుంచి చివరి దాకా మనసులోనే చదువుకునేది. వచ్చినావిడ ఎదురుగా గొంతుక్కూర్చుని అత్త మొహంలోకే చూస్తూ ఉండేది. ఆ మొహంలో ఏమీ కనపడేది కాదు.

కబురు మంచిదైతే, "అంతా బాగానే ఉన్నారే. పైకి చదువుతాను, విను" అనేది. మంచిది కాకపోతే ఆ మాట వచ్చేది కాదు. కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుని, "అన్నం తిన్నావా?" అని అడిగేది. తినలేదంటే వంటింట్లోకి కేకేసి కంచం తెప్పించేది. తిన్నానంటే గ్లాసుడు మజ్జిగైనా తాగించేది. అప్పుడు చదివేది.

పెద్దత్త పోయి ఈ కార్తీకానికి మూడేళ్ళు. నాన్నకి అక్క అన్నమాటే గానీ, నాన్నని పెంచింది ఆవిడే. మా నానమ్మ పోయేనాటికి నాన్నకి ఏడేళ్ళు. అప్పటికే పెళ్ళై అత్తారింట్లో ఉన్న పెద్దత్త, పదిహేడేళ్ళ పిల్ల, తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తనతో తీసుకెళ్ళిపోయింది. అత్తమామలున్న ఇంట్లో ఆ వయసులో ఆ మాట అడగడానికి ఎంత ధైర్యం కావాలో నాకు పెళ్ళయ్యాక గానీ తెలియలేదు. నాన్న ఆ విషయం ఎప్పుడూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. పెద్దత్త ఊరి నుంచి ఏ కబురొచ్చినా సరే, చేతిలో పని వదిలేసి బయల్దేరేవాడు, అంతే.

ఊరు అమలాపురానికి దగ్గర, కౌశిక గట్టున. మేము కాకినాడలో ఉండేవాళ్ళం. ఎండాకాలం సెలవులివ్వగానే కోటిపల్లి దాకా బస్సు, అక్కడ రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి ముక్తేశ్వరం, అక్కణ్ణుంచి మళ్ళీ బస్సు. పంటు మీద సైకిళ్ళు, అరటి గెలలు, పాల క్యాన్లు, ఒక్కోసారి దూడలు కూడా మాతోపాటే దాటేవి. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన వచ్చాక ఆ దారి తప్పిపోయింది. నాకు మాత్రం ఇప్పటికీ పెద్దత్త ఊరంటే ముందు ఆ పంటు ఇంజను చప్పుడే వినపడుతుంది.

వెళ్ళిన రోజు పనసపొట్టు కూర ఉండి తీరాలి. పనసకాయ కోయడం, కొట్టడం మామయ్యకి గానీ ఇంట్లో ఇంకెవరికీ గానీ అప్పగించేది కాదు. చేతులకి మోచేతుల దాకా నూనె రాసుకుని, కత్తికీ నూనె పట్టించి, జిగురు కారుతున్న కాయని ఓ చేత్తో తిప్పుతూ టకటకా కొట్టేది. పొట్టు సన్నగా, ఒకే తీరున, చాప మీద పోగుపడేది. ఆవ నూరి, కూర దింపి చల్లారాక కలిపేది. వేడి మీద కలిపితే చేదెక్కుతుందని నాకు చెప్పింది ఆవిడే. ఆ కూర వండిన రోజు కనీసం అయిదారు ఇళ్ళకి గిన్నెలు వెళ్ళాల్సిందే. గిన్నెలు మోసేది మేము. "పిన్నీ, అత్త ఇమ్మంది" అనాలి. కాలవగట్టు మీద ఇళ్ళవాళ్ళనైనా సరే పేరు పెట్టి పిలిస్తే ఊరుకునేది కాదు. పిన్ని, బాబాయి, మావయ్య, అక్క, ఏదో ఒక వరస కలిపి తీరాలి.

ఇక ఆ ఉత్తరాల సంగతి.

గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకి ఇంటిపనులకి వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతమందో మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. కువైట్, మస్కట్, దుబాయ్, బహ్రెయిన్ – ఈ పేర్లు మా ఊళ్ళో అమలాపురం, అంబాజీపేట అన్నంత మామూలుగా వినపడేవి. ఇంట్లో చిన్నపిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలేసి, అప్పు చేసి ఏజెంటుకి కట్టి వెళ్ళేవాళ్ళు. వెళ్ళినవాళ్ళు నాలుగు ముక్కలు రాయగలిగితే అదృష్టం. ఇంటి దగ్గరున్న తల్లులకి మాత్రం చదువు లేదు. 1991 జనాభా లెక్కల్లో మన రాష్ట్రం మొత్తమ్మీద అక్షరం ముక్క వచ్చిన ఆడవాళ్ళు నూటికి 33 మంది కూడా లేరు. మా పెద్దత్త ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. ఊళ్ళో చదువుకున్న మగవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ కూతురికి రాసుకునే మాటలు మగవాళ్ళతో ఎలా చెప్పుకుంటారు?

అందుకే మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకరిద్దరు వచ్చేవాళ్ళు. అంచుకి ఎర్ర నీలం చారలున్న ఎయిర్ మెయిల్ కవర్లు మామయ్య కట్టలుగా కొని పెట్టేవాడు. అట్ట మీద కాగితం పెట్టుకుని, ఇంకు పెన్ను మూత తీసి, పెద్దత్త "ఊఁ, చెప్పు" అనేది. వాళ్ళు ఏం చెబితే అదే రాసేది. ఒక్క ముక్క మార్చేది కాదు. "గేదె ఈనిందండి, పెయ్యి దూడండి, ఆయ్. దాని కొమ్ములు మా అత్త కొమ్ముల్లా ఉంటాయేమోనండి" అంటే అదీ రాసేది. ఒకావిడ చెప్పిన ఉత్తరంలో సగం తిట్లే. మామయ్య విని, "కాస్త మర్యాదగా మార్చి రాయరాదా?" అన్నాడు. "ఆ పిల్లకి అక్కడ వాళ్ళమ్మ గొంతు వినపడాలి గానీ నా గొంతు కాదు" అంది పెద్దత్త తల ఎత్తకుండా.

రాయడం అయ్యాక మొత్తం చదివి వినిపించి, "ఇంకేమైనా ఉందా?" అని అడిగేది. అప్పుడు గానీ అసలు మాట బయటికొచ్చేది కాదు. అందాకా గేదె గురించీ, వానల గురించీ చెప్పినావిడ అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పిల్లోడు నిన్ను మర్చిపోయాడే, నన్నే అమ్మా అంటన్నాడు" అనేది. పెద్దత్త అందుకే కాగితం కింద నాలుగు వేళ్ళ జాగా ఎప్పుడూ వదిలేది.

ఆ ఉత్తరాల్లో ఉన్న ఒక్క సంగతి కూడా ఆ మండువా దాటేది కాదు. ఎవరికి ఎంత అప్పుందో, ఎవరి అల్లుడు ఎలాంటివాడో ఆవిడకి తెలియనిది లేదు. ఊళ్ళో జరిగే కబుర్లలో అవేవీ ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు.

గల్ఫ్ నుంచి డ్రాఫ్టులు వస్తే మార్చుకోవడానికి బ్యాంకు ఖాతా కావాలి. ఆ రోజుల్లో ఖాతా తెరవాలంటే అప్పటికే ఖాతా ఉన్నవాళ్ళు ఫలానా మనిషి నాకు తెలుసని సంతకం పెట్టాలి. పెద్దత్త ఆ ఆడవాళ్ళని వెంటబెట్టుకుని బస్సెక్కి అమలాపురం వెళ్ళి సంతకం పెట్టి వచ్చేది. ఎంతమందికి పెట్టిందో లెక్క లేదు. రేపు ఏమైనా తేడా వస్తే మన మెడకి చుట్టుకుంటుందని మామయ్యకి టెన్షన్. "వాళ్ళ వంటిల్లు నేను చూశాను, వాళ్ళు నా వంటిల్లు చూశారు. ఇంకేం తెలియాలి?" అనేది. ఒక్కరి వల్ల కూడా ఆవిడకి ఇబ్బంది రాలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ నెలలో నాన్నతోపాటు వెళ్ళినప్పుడు చూశాను, పొద్దున్న ఆరూ నలభై అయిదుకి విజయవాడ రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలయ్యేసరికి మండువా నిండా ఆడవాళ్ళు. పిల్లల పేర్లు చెబుతారేమో అన్నట్టు వినేవాళ్ళు. రేడియోలో పేర్లెలా చెబుతారు! జోర్డాన్ దాకా రోడ్డు మీద వెళ్ళి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో లక్ష మందికి పైగా మనవాళ్ళు బొంబాయి చేరారన్న సంగతి పెద్దయ్యాక చదువుకున్నాను. అప్పుడు నాకు తెలిసిందల్లా ఒకటే, వార్తలయ్యాక ఎవరూ లేచేవాళ్ళు కాదు. పెద్దత్త అందరికీ కాఫీ పెట్టించి, కూర తరుగుతూ వాళ్ళ మధ్యే కూర్చునేది. వాళ్ళూ ఓ చెయ్యి వేసేవాళ్ళు. సెప్టెంబరులో మొదటి అమ్మాయి ఇంటికి చేరిందని నాన్నకి కార్డు ముక్క రాసింది. అందులో రెండే వాక్యాలు, "పిల్ల వచ్చింది. చిక్కిపోయింది గానీ వచ్చింది."

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు దాటినా నన్ను వదలని సంగతి.

1992, మే నెల. నాకు పదేళ్ళు. నాలుగో తరగతి నుంచీ పెద్దత్త పక్కన కూర్చుని ఉత్తరాలు చదవడం చూస్తున్నాను కదా, నాకూ చదవాలని ఆశ. ఆ రోజు పెద్దత్త తలంటు పోసుకుంటోంది. కాలవగట్టు పిన్ని మస్కట్ ఉత్తరం పట్టుకుని వచ్చింది. కూతురు నుంచి రెండు నెలలకి వచ్చిన ఉత్తరం, ఆగలేకపోతోంది. "నువ్వు చదువుతావా అమ్మా?" అంది. నేను ఎగిరి గంతేసి, తలలో పిన్ను లేకపోతే వేలు పెట్టి కవరు చింపేసి, బళ్ళో పాఠం చదివినట్టు గట్టిగా మొదలుపెట్టాను.

ఆ అమ్మాయి అయిదో తరగతి దాకా చదువుకుంది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. అమ్మా బాగున్నావా, చెల్లి బాగుందా, ఇక్కడ ఎండలెక్కువ... చదువుకుంటూ పోతున్నాను. అడుగున చిన్న అక్షరాలు. వాటినీ అదే గొంతుతో చదివేశాను. "అమ్మగారండీ, ఈ ముక్క మా అమ్మకి చదవద్దండీ. నాలుగు నెలల నుంచి జీతం ఇవ్వట్లేదు. చెయ్యి కాలింది. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. ఏం చెయ్యాలో చెప్పండి."

చదివాక అర్థమైంది, ఏం చదివానో.

పిన్ని ఏడవలేదు. నా చేతిలో కాగితం తీసుకుని, తనకి చదవడం రాకపోయినా ఆ చిన్న అక్షరాల మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసింది. ఈలోపు పెద్దత్త తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చింది. మా ఇద్దరి మొహాలూ చూసింది. చిరిగిన కవరు చూసింది. పిన్ని పక్కన నేల మీదే కూర్చుని వీపు మీద చెయ్యి వేసి, "అన్నం తిన్నావా?" అంది.

"ఎసట్లో బియ్యం పోసి వచ్చానండీ" అంది పిన్ని.

పెద్దత్త నా వైపు తిరిగి, "పరిగెత్తికెళ్ళి పొయ్యి ఆర్పి రా" అంది. కోపంగా కాదు. కాలవగట్టు వెంట చెప్పుల్లేకుండా పరిగెత్తాను. వెళ్ళేసరికి అన్నం అడుగంటి మాడిపోయి పాకంతా పొగ. కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లాను. గిన్నె దింపబోతే చెయ్యి చురుక్కుమంది. ఆ అమ్మాయి చెయ్యి కాలిందని రాసిన మాట అప్పుడు గుర్తొచ్చి, అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇప్పటికీ ఎక్కడైనా అన్నం మాడిన వాసనొస్తే నేను ఆ పాకలోనే ఉంటాను.

ఆ రాత్రి మంచాల మీద పడుకున్నాక పెద్దత్త నన్ను దగ్గరికి తీసుకుంది. తిడుతుందేమోనని కళ్ళు మూసుకున్నాను. "ముందు మనసులో చదువుకోవాలి అమ్మలూ. అందులో ఏముందో నీకు తెలిశాక, ఆ మనిషి తిందో లేదో కనుక్కో. పైకి చదవడం ఎంతసేపు?" అంది. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, ఎవరికీ చెప్పలేదు. నాన్నకి కూడా.

మర్నాడు మామయ్య స్నేహితుడైన ఇంగ్లీషు మాస్టారిని పిలిపించి మస్కట్‌లో ఉన్న మన రాయబార కార్యాలయానికి ఉత్తరం రాయించింది. అక్కడే పనిచేస్తున్న పక్క ఊరి అమ్మాయిలకి తను రాసింది. నెలలు పట్టింది. మరుసటేడు ఆ అమ్మాయి చేతిసంచీతో తిరిగొచ్చింది. ఆ నాలుగు నెలల జీతం మాత్రం రాలేదు.

ఈలోగా ఇంకోటి జరిగింది. ఊళ్ళో అక్షరజ్యోతి రాత్రి బడి పెట్టారు. మామూలుగా పిలిస్తే రాని పిన్నిని పెద్దత్త స్వయంగా వెళ్ళి తీసుకొచ్చింది. లాంతరు వెలుగులో పలక మీద అ, మ దిద్దించింది. తర్వాత మస్కట్‌కి వెళ్ళిన ఉత్తరంలో పెద్దత్త ఎప్పట్లాగే అడుగున జాగా వదిలి, పెన్ను పిన్ని చేతికిచ్చింది. 'అమ్మ' అన్న రెండక్షరాలు రాయడానికి పిన్నికి చాలాసేపు పట్టింది. మ కింద ఒత్తు కాగితం చివరిదాకా జారిపోయింది. నేను అక్కడే ఉన్నాను. ఇంకు ఆరేదాకా ఊదుతూనే ఉంది ఆవిడ.

1996 నవంబరు 6 తుఫాను గురించి కోనసీమ వాళ్ళెవరినడిగినా చెబుతారు. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి చెట్లకైతే లెక్కే లేదు. కాకినాడలో మాకూ ఆ రాత్రి కాళరాత్రే. ఫోన్లు లేవు, కరెంటు లేదు. అక్క ఏమైందోనని నాన్న తిండి మానేశాడు. దారులు కొంచెం తెరుచుకోగానే దీపావళి నాటికి నన్ను కూడా తీసుకుని బయల్దేరాడు. ముక్తేశ్వరం దాటాక నాకు ఊళ్ళు పోల్చుకోవడం తెలియలేదు. ఎప్పుడూ కొబ్బరాకుల నీడలో ఉండే రోడ్డు మీద ఎండ. చెట్లన్నీ నడుముకి విరిగి ఒకే వైపుకి పడున్నాయి.

పెద్దత్త ఇంటికి ఒక పక్క పెంకులు లేవు. మిగిలిన మూడు వసారాల్లో అరవై మంది దాకా ఉన్నారు. తుఫాను సాయంత్రం నుంచీ కాలవగట్టు వాళ్ళంతా అక్కడే. గాలి మొదలైనప్పుడు పెద్దత్త లాంతరు పక్కన కూర్చుని, ఉత్తరాల ప్యాడ్ మీద లోపలికొచ్చిన ప్రతివాళ్ళ పేరూ రాసిందట. తెల్లారాక ఆ కాగితం చూస్తూ హాజరు పిలిచిందట. అందరూ పలికారు.

మేము వెళ్ళేసరికి ఆవిడ ఉత్తరాలు రాస్తూ ఉంది. కువైట్‌కీ, మస్కట్‌కీ, దుబాయ్‌కీ. అక్కడ పిల్లలు వార్తలు విని ఎంత అల్లాడిపోతున్నారో అని. ఒక్కో ఉత్తరం మూడు నాలుగు వాక్యాలే. "మీ అమ్మ మా ఇంట్లో ఉంది. పిల్లలు బాగున్నారు. ఇల్లు పోయింది, మనుషులు ఉన్నారు. పరిగెత్తుకు రావద్దు, డబ్బు అప్పు చెయ్యద్దు." ఊళ్ళో టపా నడవడం లేదు కాబట్టి కట్ట కట్టి నాన్న చేతికిచ్చింది. వెనక్కి గోదావరి దాటేటప్పుడు ఆ కట్ట నా ఒళ్ళో ఉంది. 34 కవర్లు. తడుస్తాయేమోనని ఓణీ చుట్టి పట్టుకున్నాను. ఆ ముందు రాత్రి మతాబులూ చిచ్చుబుడ్లూ లేవు గానీ, గోగుకర్రలకి గుడ్డ ఒత్తులు కట్టి ఆ అరవై మందిలో పిల్లలందరి చేతా దివిటీలు కొట్టించింది పెద్దత్త. కరెంటు లేని ఊళ్ళో ఆ కాస్త వెలుగూ మా మండువాలోనే.

తర్వాత ఎస్టీడీ బూతులొచ్చాయి. ఆ తర్వాత సెల్‌ఫోన్లు. ఉత్తరాలు తగ్గిపోయాయి, మనుషులు తగ్గలేదు. మధ్యాహ్నం అదే వేళకి వచ్చి కూర్చునేవాళ్ళు. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళేవాళ్ళూ, వచ్చేవాళ్ళూ ఆ ఇంట్లో ఆగకుండా వెళ్ళేవాళ్ళు కాదు. మామయ్య పోయాక కూడా ఆ పొయ్యి ఆరలేదు.

చివరి రోజుల్లో పెద్దత్తకి చూపు ఆనడం మానేసింది. ఒక కన్ను పూర్తిగా, రెండోది మసక. బావ అమెరికాలో స్థిరపడి చాలా ఏళ్ళయింది. రోజూ ఫోన్ చేసేవాడు, అయినా నెలకోసారి వాట్సాప్‌లో తెలుగులో టైపు చేసి పెద్ద ఉత్తరం పంపాల్సిందే. ఫోన్లో మాటలు గాలికి పోతాయని ఆవిడ పట్టు. నేను అక్కడున్నన్ని రోజులూ అవి చదివి వినిపించడం నా పని.

ఆవిడ పోవడానికి ఏడాది ముందు, ఒక ఉదయం. మండువాలో అదే వెలుతురులో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఫోన్ టింగుమంది. "బావేనా?" అంది. "ఆఁ" అని తెరిచాను. అమ్మా బాగున్నావా, ఇక్కడ మంచు పడుతోంది, సంక్రాంతికి వద్దామనుకున్నాను గానీ కుదరడం లేదు... అడుగున నాకు రాసిన రెండు లైన్లు. గుండెకి స్టెంట్ వేశారనీ, ఇప్పుడు బాగానే ఉన్నాననీ, అమ్మకి ఇది చదవద్దనీ.

నేను చివరి దాకా మనసులోనే చదువుకున్నాను. మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాను.

"అత్తా, టిఫిన్ తిన్నావా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. ఆ మసక కళ్ళతోనే నా వైపు చూసింది. చెయ్యి చాచి నా మోకాలు తడిమింది.

"తినలేదే. పెట్టు. తిన్నాక అంతా చదువు."

రెండు ఇడ్లీలు పెట్టాను. తొందరపడకుండా, ముక్క ముక్కగా తుంచుకుని తింది. నీళ్ళు తెస్తే చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నా వైపు తిరిగి కూర్చుంది.